సమస్యాపూరణం: “చావు కబురు విన్న సఖుఁడు నవ్వె”

నిర్వాహకుడు

మిత్రులందరికీ నమస్కారం. మూడు రోజులుగా నన్ను వదలకుండా వెంటాడుతున్న పాదం ఇది. దీనిని నాలుగో పాదంగా నిలిపి, ముందు మూడు పాదాలూ మీరు పూరించి ఆటవెలది (ఆ.వె.) పద్యం చేయాలి.

*చావు కబురు విన్న సఖుఁడు నవ్వె*

ఈ వారానికి ఒక్క నిబంధన పెడుతున్నాను. ఈ కాలపు పిల్లలు ఫోనులో వాడే పొట్టిమాట గాని, గుర్తు గాని ఒకటి ఈ సమస్యకు తాళంచెవి కావాలి. దానిని పద్యానికి పైపైన తగిలిస్తే ఒప్పుకోను. ఆ మాట అర్థం ఎవరిని అడిగి తెలుసుకున్నారో కూడా చెప్పండి. ఊహించి వ్రాసిన అర్థాలతో చాలా ఇళ్లలో చాలా మనస్పర్థలు వచ్చాయి.

బందరు పంతులు

ఆ.వె.
లోలు వ్రాసె నతఁడు లోతైన ప్రేమగా
నవ్వటంచు నింట నందఱనిరి
పొట్టి మాటలోని పోకడఁ దెలియక
చావు కబురు విన్న సఖుఁడు నవ్వె

ఇది కల్పన కాదు. నాతో పాతికేళ్లు ఒకే బడిలో పనిచేసిన మిత్రుని భార్య కాలం చేసినప్పుడు, వాళ్ల అబ్బాయి పెట్టిన సందేశం కింద నేను “లోల్” అని వ్రాశాను. అంతకు ముందు పుట్టినరోజు శుభాకాంక్షల కింద ఆ మాట చాలాసార్లు చూసి, ‘బోలెడంత ప్రేమ’ అని దాని అర్థమని అనుకున్నాను. అది ‘పగలబడి నవ్వుతున్నాను’ అనే మాటకు పొట్టిరూపమని ఆ రాత్రి మా మనుమడు చెప్పేదాకా నాకు తెలియదు. మరునాడు తెల్లవారుతూనే మొదటి బస్సు ఎక్కి వాళ్ల ఊరు వెళ్లి, ఆ అబ్బాయి చేతులు పట్టుకుని జరిగింది చెప్పాను. అతను నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఈ పాదం చూడగానే నాకు ఆ రోజే గుర్తుకు వచ్చింది.

ఓరుగల్లు శిష్యుడు

పంతులుగారూ, మీ పద్యం చదివాక కొంతసేపు నా పూరణ పెట్టాలని అనిపించలేదు. అయినా సమస్యను మరొక వైపు నుండి చూశాను కనుక పెడుతున్నాను.

ఆ.వె.
పుఱ్ఱె బొమ్మ పంపెఁ బొట్ట చెక్కలు గాఁగ
నవ్వి చచ్చినాఁడ ననుచు నొకఁడు
కుఱ్ఱకారు భాష గుట్టెఱింగినవాఁడు
చావు కబురు విన్న సఖుఁడు నవ్వె

డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కూతురిని అడిగి తెలుసుకున్నాను. ఆనంద బాష్పాలతో నవ్వే ముఖం బొమ్మను 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు ఆ ఏటి మాటగా ఎన్నుకున్నారు. ఇప్పుడు పిల్లల దృష్టిలో అది పెద్దవాళ్ల బొమ్మ. వాళ్లకు నవ్వు ఆగనప్పుడు పుఱ్ఱె బొమ్మ పెడతారు, లేదా ‘చచ్చాను’ అని వ్రాస్తారు. ‘నవ్వలేక చచ్చాను’ అని మన అమ్మమ్మలు అన్నదే అది. వాక్యం పోయి పుఱ్ఱె మిగిలింది.

ఒక సందేహం కూడా ఉంది. నాలుగో పాదంలో ‘చా’కు ‘స’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలోని అక్షరంతో ఉండవలసిన మైత్రి, సరిపోయిందా?

నిర్వాహకుడు

చవర్గానికి శషసలతో మైత్రి ఉన్నదే. ఆ విషయంలో అనుమానం వద్దు.

గోదావరి గట్టు

ఓరుగల్లు తమ్ముడూ, ఈ సమస్యను సమస్యగా విడగొట్టినది నీ పూరణ ఒక్కటే. చావు కబురును చావు కబురు కాకుండా చేశావు. నవ్వును మాత్రం నిజమైన నవ్వుగానే నిలిపావు. ‘గుట్టెఱింగినవాఁడు’ అన్న మాటలో పూరణ అంతా ఉంది. ఇటువంటి విరుపు మన బందరు పెద్దల పూరణల్లో ఈ మధ్య కనిపించడం లేదని చెప్పక తప్పదు. పంతులుగారి అనుభవం ముందు నేనూ తలవంచుతాను, కాని పద్యాన్ని పద్యంగానే తూచాలి. ‘లోతైన ప్రేమగా’ అన్నచోట ‘ప్రే’ అనే జంట అక్షరం ముందున్న ‘న’ గురువు (బరువైన అక్షరం) కాకుండా లఘువుగా (తేలిక అక్షరంగా) నిలుస్తుందా అన్నది నా ప్రశ్న.

ఇక నా పూరణ.

ఆ.వె.
గానలోలుఁ డనఁగఁ గలదు గదా మాట
లోల మనఁగఁ బ్రీతి లోన నుండు
అట్లె తలఁచి లోలు నంపెను వృద్ధుఁడు
చావు కబురు విన్న సఖుఁడు నవ్వె

లోలుడంటే ఆసక్తి గలవాడని మనకు ఎప్పటి నుండో తెలుసు. సంగీతమంటే ప్రాణం పెట్టేవాడిని గానలోలుడని అంటాము. ఆ సంస్కారం ఉన్న చెవికి ‘లోల్’ అనగానే ప్రీతి స్ఫురించడంలో తప్పు లేదు.

బందరు పంతులు

‘లోతైన’ అనేది తెలుగు విశేషణం, ‘ప్రేమ’ వేరే పదం. అక్కడ సిద్ధసమాసం (సంస్కృత పదాలు కలిసిన ఒకే సమాసం) లేదు కనుక ‘న’ లఘువే. ఈ సంగతి గోదావరిగారికి తెలియనిది కాదు.

వారి లోల శబ్దం నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. నా పొరపాటుకు నాకే తెలియని కారణాన్ని వారు వెదికి పెట్టారు. కాని వారి పద్యంలో వృద్ధుడు ప్రీతితో ‘లోలు’ పంపాడు, వెంటనే నాలుగో పాదంలో నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడి నుండి వచ్చింది? నవ్వాడని ఎవరు అనుకున్నారు? దానికి మూడో పాదంలో అన్వయం లేదు. నా రెండో పాదంలో ‘ఇంట నందఱనిరి’ అన్న మాట అందుకే వేశాను.

గోదావరి గట్టు

ఆక్షేపణ న్యాయమైనదే. మూడో పాదాన్ని ఇలా మార్చుకుంటున్నాను.

అట్లె వ్రాయ లోలు నపహాస మని రెల్ల

ఇప్పుడు నవ్వు చూసేవారి మాటగా నిలుస్తుంది. అయినా అన్వయం గురించి పంతులుగారు చెబుతుంటే, రెండేళ్ల కిందటి ‘కే యటన్నఁ జాలుఁ గినుక వచ్చు’ సమస్య గుర్తుకు వస్తున్నది. ‘సరే’ అనడానికి పిల్లలు ‘ఓకే’లో సగం విరిచి ఒంటరిగా పంపే ‘కే’ అది. పంతులుగారు దానిని సంస్కృతం వైపు తీసుకువెళ్లి, ‘ఎవరు’ అనే శబ్దాన్ని ‘కః కౌ కే’ అని వల్లిస్తూ ‘కే’ దగ్గర ఆగిపోయిన శిష్యుడి మీద గురువుకు కినుక వచ్చినట్టు పూరించారు. ఆ రోజు బహుమానం కూడా ఆ పూరణకే వచ్చింది. పిల్లల మాటను పిల్లల దగ్గర నేర్చుకోకుండా దాటవేయడమే అది అని అప్పుడు అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

నెల్లూరి సోదరి

అన్నయ్యగారూ, ఆ పాత తగవు తరువాత తీర్చుకోవచ్చు. ముందు పంతులుగారికి ఒక మాట చెప్పాలి. ‘లోల్’ అంటే బోలెడంత ప్రేమ అనుకున్నది మీరొక్కరే కాదు. బ్రిటన్ ప్రధానిగా ఉన్న డేవిడ్ కామెరాన్ కూడా అలాగే అనుకుని తన సందేశాల చివర ఆ మాట పెట్టేవారని, అసలు అర్థం తాను చెప్పాక మానుకున్నారని, రెబెకా బ్రూక్స్ అనే పత్రికా సంపాదకురాలు 2012లో లెవెసన్ విచారణ సంఘం ముందు వాంగ్మూలం ఇచ్చారు. మాట తెలియకపోవడం చదువు లేకపోవడం కాదు.

ఈ పొట్టిమాటలన్నీ నిన్న మొన్న పుట్టినవని అనుకోవడం కూడా సరికాదు. ‘ఓరి దేవుడా’ అనే అర్థంలో పిల్లలు వాడే ‘ఓఎమ్‌జీ’ 1917లో బ్రిటిష్ నౌకాదళపు అడ్మిరల్ జాన్ ఫిషర్ చర్చిల్‌కు వ్రాసిన ఉత్తరంలోనే ఉంది. ఆ మాటా, ‘లోల్’ అన్న మాటా రెండూ 2011లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కాయి.

మన సంగతి చూసినా అంతే. పెళ్లి శుభలేఖ మీద వధువు పేరు ముందు చి.ల.సౌ. అని అచ్చు వేయిస్తాము. మా తాతగారి పేరున వచ్చే పాత కార్డులన్నిటి మీద మ.రా.రా.శ్రీ అని ఉండేది. అది మహారాజరాజశ్రీ అని నాకు పదేళ్లు దాటాక మా నాన్న చెబితేనే తెలిసింది. అడిగినందుకు ఆయన విసుక్కోలేదు. ఇక్కడ ప్రతి పద్యం నెత్తిన ‘ఆ.వె.’ అని పెట్టి, ఉత్పలమాలను ‘భరనభభరవ’ అని ఏడక్షరాల్లో ముగించే మనం, ‘నిజం చెప్పాలంటే’ అనడానికి పిల్లలు మూడక్షరాలు వ్రాస్తే భాష చెడిపోయిందని ఎలా అనగలం?

నిర్వాహకుడు

సోదరి చెప్పినదానికి ఒక కారణం జోడిస్తాను. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న వెళ్లింది. ఒక సందేశంలో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి. తెలుగు లిపిలో వ్రాస్తే 70 మాత్రమే పట్టేవి. అందులోనూ ఒత్తులు, గుణింతాలు వేరువేరుగా లెక్కకు వస్తాయి. మన ఛందస్సులో ‘స్త్రీ’ ఒక్క గురువు. ఫోను లెక్కలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈకారపు గుడి కలిసి ఆరు. సందేశానికి ఇంతని డబ్బు కట్టిన రోజుల్లో కాలేజీ పిల్లలు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాసి, అచ్చులు తీసేసి కుదించడానికి ఈ లెక్క ఒక పెద్ద కారణం. ఇప్పుడు వాట్సాప్ వంటి వాటిలో ఆ హద్దు లేదు, అలవాటు మిగిలింది.

ఇంటర్ రెండో ఏడు

పెద్దలందరికీ నమస్కారం. ఇక్కడ ఏడాదిగా చదువుతున్నాను, వ్రాయడం ఇదే మొదలు. నేను ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది కనుక నిబంధనలో ఆ భాగాన్ని మన్నించండి.

ఆ.వె.
అయ్యొ రిప్పటంచు నా ఫోను చచ్చెను
ఛార్జి లేదు దీని జన్మ ముగిసె
తమ్ముఁ డిట్లు వ్రాయఁ దడవు సేయక యంత
చావు కబురు విన్న సఖుఁడు నవ్వె

‘ఆత్మకు శాంతి కలుగుగాక’ అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే ‘రిప్’. మేము దానిని పోయిన మనుషులకు వ్రాయము. ఫోను ఆగిపోయినా, పరీక్ష తప్పినా, క్రికెట్‌లో మన జట్టు ఓడినా వ్రాస్తాము. మా ఇంట్లో ఎవరైనా పోతే పూర్తి మాటల్లోనే వ్రాయాలని మా అమ్మ చెప్పింది, నేను అలాగే వ్రాస్తాను.

గోదావరి గట్టు

బాబూ, రెండో పాదంలో ‘ఛా’కు ‘జ’తో వేసిన యతి మొదటిసారి వ్రాసినవాడిది అంటే నమ్మలేకపోతున్నాను. మొదటి పాదంలో మాత్రం చిక్కు ఉంది. ‘నా ఫోను’ అంటే నాది అనేగా నీ ఉద్దేశం? అప్పుడు ‘అ’కు ‘నా’తో యతి చెల్లదు.

బందరు పంతులు

‘అటంచున్ + ఆ ఫోను’ అని విడదీయండి. అక్కడున్నది అకారమే, యతి నిలుస్తుంది. వ్రాసినవాడి మనసులో ‘నా’ ఉన్నా, చదివేవాడు ‘ఆ’ అని తీసుకుంటే పద్యం బతుకుతుంది.

గోదావరి గట్టు

మళ్లీ అదే దారి, పంతులుగారూ. ‘కే’ను సంస్కృతం వైపు తీసుకువెళ్లినట్టే ఈ పిల్లవాడి ‘నా’ను ‘ఆ’ చేస్తున్నారు. చచ్చిన ఫోను ఎవరిదో అతను చెప్పుకోవాలి. తన ఫోను పోయిందన్న బాధ ఉంటేనే స్నేహితుడి నవ్వుకు అందం.

ఇంటర్ రెండో ఏడు

గురువుగారూ, ‘కే’ సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను. మాలో ‘ఓకే’ అంటే ఒప్పుకోవడం. పెద్ద సందేశం పంపినవాడికి ‘కే’ అని ఒక్క అక్షరం తిరిగి వస్తే, నీతో ఇక మాట్లాడాలని లేదన్నట్టు. దాని పక్కన చుక్క కూడా పెడితే కోపం వచ్చిందని నేరుగా చెప్పినట్టే. మా నాన్న నాకు ఎప్పుడూ ‘కే’ అని చుక్క పెట్టి పంపుతారు. ఆయనకు అది తెలియదని తెలిసినా ప్రతిసారీ ఒక క్షణం గుండె ఝల్లుమంటుంది.

బందరు పంతులు

మా మనుమడికి నేను పంపే జవాబులన్నీ అవే. వాడు ఒక్కసారి కూడా ఈ మాట నాతో అనలేదు.

గోదావరిగారూ, ఆనాటి నా పూరణ వ్యాకరణానికి సరిపోయింది గాని ‘కినుక’కు సరిపోలేదు. ఎందుకు కినుక వచ్చిందో ఈ పిల్లవాడు రెండు వాక్యాల్లో చెప్పాడు. ఆ బహుమానం మీ పూరణకు రావలసింది.

గోదావరి గట్టు

ఆ మాట మీ నోట వినడానికి రెండేళ్లు పట్టింది. నాకు బహుమానం అదే. ఇప్పుడు ఈ పిల్లవాడి ‘నా’ను కాపాడదాం.

ఇంటర్ రెండో ఏడు

‘నా’ను అలాగే ఉంచి ముందు మాట మార్చాను. చూడండి.

నమ్ము రిప్పటంచు నా ఫోను చచ్చెను

మేము ఏదైనా నిజంగా జరిగిందని నొక్కి చెప్పడానికి ‘నో క్యాప్’ అని వ్రాస్తాము. ఇందులో అబద్ధం లేదని దాని అర్థం. ఆ మాటను తెలుగులో ఎలా పెట్టాలని వెదికితే ‘నమ్ము’ దొరికింది. ‘న’కు ‘నా’తో యతి కూడా కుదిరింది.

బందరు పంతులు

కుదిరింది. ‘అయ్యొ’ కన్నా ‘నమ్ము’ అన్నదే పద్యానికి బలం. నిర్వాహకులు సంకలనంలో ఈ పాఠాన్నే ఉంచాలని నా మనవి. బాబూ, చుక్క లేకుండా ‘సరే నాన్నా’ అని తెలుగులో వ్రాస్తే మీ వాళ్లు దానిని ఎలా తీసుకుంటారు?

ఇంటర్ రెండో ఏడు

తాతగారూ, అలా వ్రాస్తే మీ మనుమడు ఆ సందేశాన్ని దాచుకుంటాడు.