చివరి పడకగదిలో 5 గిగాహెర్ట్జ్ వైఫై నిలవడం లేదు: 6 గిగాహెర్ట్జ్ రౌటర్ కొనవలసిందేనా?

ప్రశ్న (విజయవాడ)

నమస్కారం. మాది మూడు పడకగదుల ఫ్లాటు, 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రౌటర్ హాలులో టీవీ పక్కన గోడకు బిగించి ఉంది. హాలులో 5 గిగాహెర్ట్జ్‌పై పూర్తి వేగం వస్తోంది కానీ, చివరి పడకగదికి వెళ్లేసరికి అందులో పదో వంతు కూడా మిగలడం లేదు. పైగా అప్పుడప్పుడు 5 గిగాహెర్ట్జ్ పేరు ఫోన్ జాబితాలోంచే మాయమై, ఒక నిమిషం దాటాక మళ్లీ కనిపిస్తోంది, 2.4కు ఆ ఇబ్బంది లేదు. 6 గిగాహెర్ట్జ్ రౌటర్ కొంటే రెండూ పోతాయని దుకాణంలో అంటున్నారు. నిజమేనా?

జవాబు (హైదరాబాదు)

పోవండి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ సంకేతం గోడలు దాటడం కష్టమవుతుంది. అడ్డేమీ లేని చోట, ఒకే శక్తితో పంపినా, మామూలు యాంటెనాకు 2.4 వద్ద అందే దానిలో 5 గిగాహెర్ట్జ్ వద్ద అందేది నాలుగో వంతు కూడా ఉండదు. కాంక్రీటు పిల్లర్లు, ఇటుక గోడలు వచ్చి చేరితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అయినా 5లో వేగం ఎక్కువ రావడానికి ముఖ్య కారణం ఛానల్ (బ్యాండులో ఒక రౌటర్ వాడుకునే ముక్క) వెడల్పు. 2.4లో ఉన్న చోటంతా కలిపి 83.5 మెగాహెర్ట్జ్, అందులో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. అపార్టుమెంటులోని రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే సర్దుకోవాలి. 5లో ఒక్క ఛానలే 80 మెగాహెర్ట్జ్ తీసుకోగలదు.

కాబట్టి 5ను గదిలో వాడుకునే బ్యాండుగానే చూడండి. వైఫై బలం చూపించే యాప్‌తో చివరి గదిలో కొలవండి: మైనస్ 65 డీబీఎం (సంకేత బలాన్ని కొలిచే ప్రమాణం, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ) వరకు హాయిగా నడుస్తుంది, మైనస్ 75 దాటితే ఆశ వదులుకోవచ్చు. హాలుకూ ఆ గదికీ మధ్య గోడకు ఇనుప బీరువా ఆనించి ఉందేమో కూడా చూడండి. సంకేతానికి అంతకు మించిన అడ్డు ఇళ్లలో అరుదు.

జవాబు (విశాఖపట్నం)

పేరు మాయమవడానికి కారణం వేరే. మన దేశంలో 2018 నుంచి 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగం లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అయితే 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను రాడార్లు కూడా వాడుతాయి కనుక, రాడార్ వంటి సంకేతం వినిపించగానే రౌటర్ ఆ ఛానల్ ఖాళీ చేసి, అలాంటి మరో ఛానల్‌కు వెళితే అక్కడ కనీసం 60 సెకన్లు మౌనంగా విని, ఆ తర్వాతే ప్రసారం మొదలుపెడుతుంది. దగ్గరలో రాడార్ లేకపోయినా పొరపాటున అలా అనుకునే రౌటర్లూ ఉన్నాయి. సెట్టింగులలో ‘ఆటో’ తీసివేసి 36 లేదా 149 ఎంచుకోండి. వెడల్పు 160 ఉంటే 80కి తగ్గించండి.

జవాబు (డాలస్)

ఇక్కడ 2020లోనే 6 గిగాహెర్ట్జ్‌లో 1200 మెగాహెర్ట్జ్ తెరిచారు. అదే గదిలో కూర్చుంటే ఎంతో బాగుంటుంది, రెండు గోడలు దాటితే 5 కంటే బలహీనమే. భారతదేశంలో 2025 మేలో వెలువడిన ముసాయిదా 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకే ప్రతిపాదించింది, అదీ ఇంటి లోపల తక్కువ శక్తితో, బయట మరీ తక్కువ శక్తితో. అందువల్ల బంధువుల చేత అమెరికా రౌటర్ తెప్పించుకోవద్దు. దాని పై ఛానళ్లకు అక్కడ అనుమతి లేదు. మీ 200 ఎంబీపీఎస్‌కు 5 గిగాహెర్ట్జే చాలు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. 36కు మార్చాను, అప్పటి నుంచి పేరు మాయం కాలేదు. బీరువా ఉన్నది సరిగ్గా ఆ గోడకే, దాన్ని జరిపే చోటు లేదు. మెష్ (ఒకే వైఫైని ఒకటికి మించిన యూనిట్లతో ఇల్లంతా పంచేది) పెడితే రెండో యూనిట్ చివరి గదిలోనే ఉంచాలా? సీసీ కెమెరా, స్మార్ట్ ప్లగ్ 5లో కనిపించడమే లేదు, వాటి సంగతేమిటి?

జవాబు (హైదరాబాదు)

చివరి గదిలో వద్దండి. అక్కడికి అందేదే బలహీనమైన సంకేతం, రెండో యూనిట్ దాన్నే అందుకుని పంచుతుంది. మధ్య గదిలో, 5 ఇంకా బలంగా ఉన్న చోట ఉంచండి. ఈథర్నెట్ తీగ లాగే వీలుంటే మాత్రం చివరి గదిలోనే యాక్సెస్ పాయింట్ (తీగ మీద వచ్చే నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టుకోవచ్చు, అదే అన్నిటికంటే మేలు. కెమెరా, ప్లగ్‌లలో చాలావాటికి 2.4 రేడియో మాత్రమే ఉంటుంది. వాటి కోసం 2.4ను వేరే పేరుతో ఉంచి, మొదటిసారి కలిపేటప్పుడు ఫోన్‌ను కూడా అదే పేరుకు మార్చుకోండి.