"దృశ్యమైనవి అనిత్యములు" అంటే కనబడేదంతా మాయ అనేనా?

ప్రశ్న: పెరంబూరు నుండి

అందరికీ వందనములు. చెన్నై పెరంబూరులోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం ఆరాధన ముగిశాక యౌవనస్థులకు వాక్యపాఠం చెప్పే పని ఈ ఏడు నాకు అప్పగించారు. పోయిన వారం బైబిలులో అపొస్తలుడైన పౌలు రాసిన రెండవ కొరింథీ పత్రిక నాలుగవ అధ్యాయంలోని చివరి మాట, "దృశ్యమైనవి అనిత్యములు, అదృశ్యమైనవి నిత్యములు" అన్నది వివరిస్తూ ఉండగా, ఇంజనీరింగు చదివే ఒక అబ్బాయి లేచి, "జగత్తు మిథ్య అని మా పక్కింటి తాతగారు చెప్పేదానికీ దీనికీ తేడా ఏమిటి?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే మరొకడు, "కంటికి కనబడనిదల్లా నిత్యమైతే కరోనా క్రిమి కూడా నిత్యమేనా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను గానీ ఇంటికి వచ్చాక ఆ రెండు ప్రశ్నలూ నన్ను వదలలేదు.

వదలకపోవడానికి నా సొంత కారణం ఒకటి ఉంది. మా నాన్నగారు పక్షవాతం వచ్చి పది నెలలుగా మంచం మీద ఉన్నారు. రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు ఆయన కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా మడిచి చాపడం నా పని. మొన్న ఇంటి ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, ఈ వచనమే ఎత్తి చెప్పి, "పోయే దేహం కోసం ఇంత ఆరాటమెందుకు బాబూ, ఆయన ఆత్మ సంగతి చూడు" అన్నారు. ఓదార్చాలనే అన్నారని తెలుసు; అయినా మరునాడు నాన్నగారి చేయి పట్టుకున్నప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. కనబడేవాటిని తృణీకరించమనే పౌలు చెబుతున్నాడా? వాక్యం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: కీల్పాక్ నుండి

తమ్ముడూ, నేను క్రైస్తవ వేదాంత కళాశాలలో కొంతకాలం గ్రీకు చదువుకున్నవాడిని, పండితుణ్ణి కాను. చిక్కంతా "అనిత్యము" అన్న మాటతో వచ్చిందని నా అభిప్రాయం. అది మన భాషలో ఖాళీగా వచ్చే మాట కాదు. వెనకాల వేదాంతమూ బౌద్ధమూ మోసుకొని వస్తుంది. మీ పక్కనే తమిళ ఆరాధన జరుగుతూ ఉంటే వారి బైబిలు తెరిచి చూడండి, అక్కడా "అనిత్తియం" అనే ఉంటుంది. పౌలు వాడిన గ్రీకు మాట "ప్రోస్‌కైర". దానికి "కొంతకాలమే ఉండేది" అని అర్థం, లేనిదని కాదు. యేసు చెప్పిన విత్తువాని ఉపమానంలో రాతినేలను పడిన విత్తనం "కొంతకాలము నిలుచును" అన్నచోట మత్తయి తన సువార్తలో ఇదే మాట వాడాడు. ఆ మొలక భ్రాంతి కాదు కదా, నిజంగా మొలిచింది, వేరు లేక వాడిపోయింది. కనుక మీ విద్యార్థికి చెప్పవలసిన తేడా ఇది: మాయావాదంలో ప్రశ్న జగత్తు సత్యమా కాదా అన్నది, పౌలు వాక్యంలో ప్రశ్న ఎంతకాలం అన్నది.

ఇక క్రిమి సంగతి. అబ్బాయి చమత్కారానికి అన్నా ప్రశ్న మంచిదే, ఎందుకంటే ఆ వచనం పూర్వభాగాన్ని మనం తరచుగా వదిలేస్తాము. "అదృశ్యమైనవాటినే నిదానించి చూచుచున్నాము" అని అక్కడ ఉంది. నిదానించి చూడడం అన్న ఆ క్రియకూ, ఫిలిప్పీ పత్రికలో "గురియొద్దకే పరుగెత్తుచున్నాను" అన్నచోట వచ్చే గురి అన్న మాటకూ మూలం ఒకటే. అంటే కంటికి ఆననివాటన్నిటికీ పౌలు ఇక్కడ జాబితా రాయడం లేదు. దెబ్బలు తింటున్న మనిషి తన చూపును ఎక్కడ నిలిపాడో చెబుతున్నాడు. అయిదుసార్లు ఒకటి తక్కువ నలభై కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తపు దెబ్బలు, మూడుసార్లు ఓడ పగలడం, ఇవన్నీ అదే పత్రిక పదకొండవ అధ్యాయంలో ఆయనే లెక్క చెప్పాడు. అంతటివాడు దానిని "చులకని శ్రమ" అని, రాబోయేదానిని "మహిమ భారము" అని అన్నాడు. హీబ్రూలో మహిమకు వాడే "కాబోద్" అన్న మాట బరువు అనే ధాతువునుండే పుట్టింది. హీబ్రూ ఎరిగిన పౌలు త్రాసులో రెండు తట్టలూ పెట్టి చూపుతున్నాడని నాకు అనిపిస్తుంది. తేలిక తట్టలో ఏమీ లేదని మాత్రం ఆయన అనలేదు.

మీ నాన్నగారి విషయంలో అసలు జవాబు తరువాతి అధ్యాయంలో ఉంది. దేహాన్ని పౌలు గుడారమన్నాడు. ఆయన వృత్తి డేరాలు కుట్టడమని అపొస్తలుల కార్యములు పద్దెనిమిదవ అధ్యాయం చెబుతుంది. తన చేతులతో కుట్టే వస్తువును నీచమైన పోలికగా తెచ్చి ఉంటాడని నేననుకోను. పైగా నాలుగవ వచనంలో, ఈ గుడారాన్ని తీసివేయాలని కాదు, ఆ నివాసాన్ని "దీనిపైని ధరించుకొనగోరుచున్నాము" అంటాడు. చిరిగిన చొక్కా విప్పి పారవేయడం కాదు, దానిమీద కొత్తది తొడగడం. మీ పెద్దాయన నాలుగవ అధ్యాయం దగ్గర పుస్తకం మూసివేశారు, అంతే.

జవాబు: టి. నగర్ నుండి

నేను విశ్వాసిని కాను, కుతూహలం కొద్దీ చదువుతున్నాను, కనుక మర్యాద తప్పితే క్షమించండి. పై జవాబు బాగుంది. కానీ హెబ్రీ పత్రికలో విశ్వాసమే "అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువు" అని ఉంది కదా? నేను బ్యాంకులో రుణపత్రాలు పరిశీలించే ఉద్యోగిని. ఇల్లు మీదేననడానికి రుజువేమిటని అడిగితే, నాదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఆ నమ్మకమే రుజువు అని ఎవరైనా అంటే ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను.

జవాబు: పరంగిమల నుండి

టి. నగర్ అన్నగారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే, మర్యాద ఏమీ తప్పలేదు. మేము కాపురముండేది పరంగిమల, అంటే సెయింట్ థామస్ మౌంట్ కింద. యేసు తిరిగి లేచాడని చూడకుండా నమ్మనని పట్టుబట్టిన శిష్యుడు తోమా ఈ కొండమీదనే హతుడయ్యాడని ఇక్కడి సంప్రదాయం. క్రీస్తుశకం 72 అని చెబుతారు, అది చరిత్ర తేల్చిన విషయమని నేననను. తమాషా ఏమిటంటే, "చూడక నమ్మినవారు ధన్యులు" అన్న మాట విన్న మనిషి పేరున్న కొండ మీదికి మేమందరం చూడడానికే ఎక్కుతాము. 1547లో దొరికిన, పహ్లవీ లిపి చెక్కిన రాతి సిలువ చూడాలి, తోమాదని చెప్పే ఎముక ముక్క చూడాలి. నేనూ చూశాను. అయితే తోమాతో యేసు అన్న మాట వెనువెంటనే సువార్త రాసిన యోహాను, మీరు నమ్మునట్లు ఇవి వ్రాయబడెను అంటాడు. అంటే చూడని మనకు వట్టి నమ్మకం ఇచ్చి పంపలేదు, చూసినవారి సాక్ష్యం ఇచ్చాడు. మీ బ్యాంకులోనూ సాక్షి సంతకానికి కొంత విలువ ఉంటుందనుకుంటాను. ఆ సాక్షులు నమ్మదగినవారా అన్నది మీరు అడగవలసిన ప్రశ్నే, దానిని అడగవద్దని ఏ విశ్వాసీ అనకూడదు.

పెరంబూరు తమ్ముడికి ఒక మాట. కొండమీద పోర్చుగీసువారు 1523లో కట్టించిన గుడి పేరు నిరీక్షణ మాత ఆలయం. ఆ నిరీక్షణ ప్రసవానికి ముందు మరియమ్మ ఎదురుచూడడం. నేను చాలాకాలం ప్రసూతి వార్డులో నర్సుగా పని చేశాను. బిడ్డ ముఖం ఎవరికీ కనబడదు గానీ, కనబడని ఆ బిడ్డ కోసమే తల్లి తన ఒంటిని మునుపెన్నడూ చూసుకోనంత జాగ్రత్తగా చూసుకుంటుంది. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో పౌలు సృష్టి యావత్తూ ప్రసవవేదన పడుతోందని చెప్పి, ఆ వెంటనే చూడనిదాని కోసం ఓపికతో కనిపెడతాము అంటాడు. ప్రసవించబోయేదానిని ఎవరైనా మాయ అంటారా? నాన్నగారి వేళ్లు చాపేటప్పుడు ముందు గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచండి, బిగువు తగ్గుతుంది. నీళ్ల వేడిని మీ మోచేతితో చూడండి, ఆయన చేతికి స్పర్శ సరిగ్గా తెలియకపోవచ్చు.

తిరుగు జవాబు: పెరంబూరు నుండి

ముగ్గురికీ కృతజ్ఞతలు. కీల్పాక్ అన్నగారు చెప్పిన అయిదవ అధ్యాయం నాలుగవ వచనం రాత్రి నాన్నగారికి చదివి వినిపించాను. ఆయనకు మాట ఇంకా సరిగ్గా రాదు. "పైని" అన్న మాట దగ్గర మాత్రం ఎడమచేతితో దుప్పటి పైకి లాక్కున్నారు. అర్థమై చేశారో చలివేసి చేశారో చెప్పలేను. టి. నగర్ గారి అభ్యంతరాన్ని వచ్చే ఆదివారం పాఠానికి మొదటి ప్రశ్నగా పెడుతున్నాను, క్రిమి గురించి అడిగిన అబ్బాయినే జవాబు సిద్ధం చేసుకొని రమ్మన్నాను. అక్కగారూ, గోరువెచ్చని నీళ్లు ఈ ఉదయమే మొదలుపెట్టాము.