జైల్లో హార్మోన్ మాత్రలు ఇవ్వడం లేదు, ఎవరిని అడగాలి?

అనంతపురం అక్క:
పొద్దున్నుంచి తిరుగుతానే ఉన్నాను. మా చేలా, అంటే నా శిష్యురాలు, జైల్లో ఉంది. రోజూ వేసుకునే మాత్రలు లోపలికి పోనీయరు. గేటు దగ్గర ‘డాక్టరు రాయాల’ అంటారు. డాక్టరేమో ‘ఇది రోగం కాదు’ అంటాడు. కలెక్టరాఫీసులో నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి ‘కోర్టుకు పో’ అన్నారు. ములాఖత్ కూడా లేదు, రక్తసంబంధం కాదంట. 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చింది కదా, ఎందుకది?

కోర్టు గుమాస్తా:
రిమాండా, శిక్ష పడిందా?

సెక్షన్ల సుబ్బన్న:
అసలు సంగతి 2014 నల్సా తీర్పు నుంచి మొదలుపెట్టాలి. ఎవరి లింగ గుర్తింపు వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు అందులోనే చెప్పింది. అమెరికాలో ఇంకా ముందుకు పోయారు. తీవ్రమైన జబ్బని తెలిసీ ఖైదీని పట్టించుకోకపోతే అది క్రూరమైన శిక్షేనని 1976లో ఎస్టెల్ వర్సెస్ గ్యాంబుల్ కేసులో తేల్చారు. ఆ దారిలోనే 2019లో అక్కడి ఐడహో రాష్ట్రంలో ట్రాన్స్ ఖైదీ ఒకామెకు లింగమార్పిడి ఆపరేషన్ చేయించాల్సిందేనని అప్పీలు కోర్టు చెప్పింది. మరుసటి ఏడు చేయించారు కూడా.

కోర్టు గుమాస్తా:
ఐడహో అంటే మా మేజిస్ట్రేటు ఏ మండలం అంటాడు. అక్కా, అడిగినదానికి చెప్పు.

కడప కుర్రోడు:
శిక్ష పడనివాళ్లను ఖైదీ అనకూడదు సార్.

సెక్షన్ల సుబ్బన్న:
విచారణ ఖైదీ అనే మాటలో ఖైదీ లేదా నాయనా? ఇంకోటి, చేలా అని కాదు, ట్రాన్స్ మహిళ అని రాయాలి.

అనంతపురం అక్క:
మేం హిజ్రాలం. ఆమె నాకు చేలా, నేను ఆమెకు గురువు. పేరు తర్వాత పెడుదురు. రిమాండే, 20 రోజులైంది. మాత్రలు ఎస్ట్రాడయోల్, ఆడ హార్మోన్. ఆపరేషనై మూడేళ్లు.

మందుల షాపు:
ఆపరేషనైందని ఇప్పుడా చెప్పేది! వృషణాలు తీసేసుంటే ఒంట్లో సొంత హార్మోన్ దాదాపు ఉండదు. మాత్రలు ఆగితే ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టదు. ఏళ్లకేళ్లు ఆగితే ఎముకలు గుల్లబారతాయి. అందం కోసం వేసుకునేవి కావని పాత డాక్టరు చేత రాయించుకోండి.

కోర్టు గుమాస్తా:
రిమాండ్ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయండి. వైద్య పరీక్ష చేయించి మందులు కొనసాగించమని అడగండి. పాత చీటీ, డిశ్చార్జి కాగితం జత చేయాలి. లాయరు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 2019 చట్టం సెక్షన్ 15లో హార్మోన్ చికిత్స మాట ఉంది, అది రాయించండి. 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ ట్రాన్స్‌జెండర్ ఖైదీల గురించి రాష్ట్రాలకు అడ్వైజరీ పంపింది. వివక్ష లేకుండా వైద్యం అందాలని అందులో ఉంది. ఉత్త సలహానే, కానీ జత చేస్తే నష్టం లేదు. హైకోర్టు మాట ఇక్కడ కాదన్నాక చూద్దాం.

సెక్షన్ల సుబ్బన్న:
ఉత్త సలహా అని తీసిపారేయడం తప్పు. అడ్వైజరీకి, సర్క్యులర్‌కు తేడా ఏమిటంటే...

కడప కుర్రోడు:
సార్, దానికి వేరే పోస్టు పెట్టుకోండి.

అనంతపురం అక్క:
డిశ్చార్జి కాగితం ఆమె ట్రంకుపెట్టెలో ఉంది. తాళంచెవి జైల్లో జమ చేసుకున్నారు. రాత్రికి పగలగొడతా. థ్యాంక్స్ అన్నా.