లాక్‌డౌన్‌లో యూనివర్సిటీ చదువు: సాగింది పాఠమా, హాజరా?

ప్రశ్న:
2020 మార్చిలో తరగతులు ఆగిపోయేనాటికి నేను ఇంటర్‌లో ఉన్నాను కనుక విశ్వవిద్యాలయ విద్యార్థుల కష్టాలు పత్రికల్లో చదివినంతవరకే తెలుసు. హాస్టల్ వదిలి ఊరు చేరాక చదువు నిజంగా సాగిందా, లేక హాజరు పట్టీ మాత్రమే నిండిందా? అప్పట్లో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్నవారు దయచేసి వివరంగా రాయండి.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, 2018–20:
చదువు సంగతి తర్వాత, ముందు ఊరు చేరడమే గగనమైంది. హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టళ్లవారు ఖాళీ చేయమనడంతో మార్చి 25న పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరాం. తీరా ఆంధ్ర–తెలంగాణ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టుకు చేరేసరికి ఆ పాసులు చెల్లవని ఆపేశారు. అంతకన్నా వేధించింది చివరి సెమిస్టర్ పరీక్షల అనిశ్చితి. సెప్టెంబరు నెలాఖరులోగా నిర్వహించాలని జూలై 6న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చెప్పింది. పరీక్ష లేకుండా పట్టా ఇవ్వడానికి వీల్లేదని ఆగస్టు 28న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మధ్యకాలమంతా పుస్తకం తెరిస్తే పరీక్ష రద్దవుతుందేమోననీ, మూస్తే తేదీ ప్రకటిస్తారేమోననీ అనిపించేది.

ఎంఏ ఎకనామిక్స్, 2019–21:
మా ఇంట్లో సాగింది హాజరే. ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ తమ్ముడికీ నాకూ ఉమ్మడి. వాడిది పదో తరగతి కనుక వాడి అవసరమే ముందు (చివరికి వాడి పరీక్షలే రద్దయ్యాయి, అది వేరే సంగతి). సిగ్నల్ డాబా మీదే అందేది కాబట్టి పిట్టగోడ నీడలో కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుంటే తప్ప తెర కనిపించని ఎండలో ఎకనామెట్రిక్స్ వినేదాన్ని. ఆడపిల్ల ఇంటిపట్టున ఉంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క గనుక పాఠం మధ్యలో పిండి రుబ్బడానికో, నీళ్లు పట్టడానికో పిలుపు వచ్చేది. హాస్టల్ గది ఎంత ఇరుకైనా చదువుకునే హక్కు అక్కడ ఉండేదని నాకు అప్పుడే అర్థమైంది.

బయోటెక్నాలజీ పరిశోధక విద్యార్థి:
పై ఇద్దరి మాటా నిజమే గాని, ప్రయోగశాల మూతపడితే మాకు హాజరు కూడా మిగలలేదు. నెలల తరబడి పెంచిన కణాల కల్చర్లను పారేసి, తెరిచాక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి యూజీసీ ఆరు నెలల గడువు పెంచింది, కానీ ఫెలోషిప్ కాలపరిమితి అయిదేళ్లు దాటదని అందులోనే స్పష్టం చేసింది. గడువిచ్చి భత్యం ఇవ్వకపోవడం వల్ల ఇంటినుంచి డబ్బు తెచ్చుకోగలిగినవారికే ఆ ఆరు నెలలు అక్కరకు వచ్చాయని నా అభిప్రాయం.