కోటి డిగ్రీల వేడిని లేజర్‌తో ఎట్లా కొలుస్తారు?

ప్రశ్న (దేవరకొండ, ఇంటర్ ఫిజిక్స్ లెక్చరర్):
మొన్న క్లాసులో ఫ్యూజన్ (తేలికపాటి పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తినివ్వడం) గురించి చెప్తుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "కోటి డిగ్రీలంటున్నారు, ఏ థర్మామీటర్ పెట్టి చూశారు సార్?" అంది. లేజర్‌తో కొలుస్తారమ్మా అని ఊరుకున్నాను. కూర్చుంది గానీ ముఖంలో తృప్తి లేదు. అప్పటినుంచి అదే మనసులో తిరుగుతోంది. లేజర్‌కు వేడి ఎట్లా తెలుస్తుంది?

జవాబు (మిర్యాలగూడ):
సార్, నేను లేజర్ల మీదే పనిచేస్తాను. మా నాన్న రైస్ మిల్లులో పనిచేసేవాడు. రేకు చిల్లులోంచి ఎండ దిగితే ఆ చారలో తవుడు దుమ్ము మిలమిలా మెరిసేది. చారకు పక్కన నిలబడి చూసినా కనిపించేది. ప్లాస్మా అంటే విపరీతమైన వేడికి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు. అందులోనూ అంతే, ఎండకు బదులు లేజర్, దుమ్ముకు బదులు ఎలక్ట్రాన్లు. వెలుగు ఇట్లా ఎలక్ట్రాన్లకు తగిలి చెదరడాన్ని థామ్సన్ స్కాటరింగ్ అంటారు.

ఎదురొచ్చే బస్సు హారన్ సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. కదిలేవాటికి తగిలిన వెలుగు రంగు కూడా అట్లాగే మారుతుంది. లేజర్‌ది ఒకటే రంగు. సెకనుకు పదివేల కిలోమీటర్లకు పైగా పరుగెత్తే ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరాక ఆ రంగు అటూ ఇటూ పరుచుకుంటుంది. వేడి పెరిగితే ఎలక్ట్రాన్ల వేగం పెరుగుతుంది కాబట్టి, ఎంత వెడల్పుగా పరుచుకుంటే అంత వేడి. ఎంత వెలుగు వచ్చిందో చూస్తే ఎలక్ట్రాన్ల సాంద్రత తెలుస్తుంది. కష్టమంతా ఒక్కచోటే ఉంది: కోటి కోట్ల ఫోటాన్లు పంపితే మనకు చేరేవి ఏ కొన్నో!

జవాబు (మహబూబ్‌నగర్):
ఆ అమ్మాయికి 1969 సంగతి చెప్పండి సార్. మాస్కోలో టీ-3 అనే టోకమాక్ (ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం) కోటి డిగ్రీలకు చేరిందంటే బయటి దేశాలవాళ్లు నమ్మలేదు. బ్రిటన్‌లోని కల్హమ్ నుంచి శాస్త్రవేత్తలు రూబీ లేజర్ మూటగట్టుకుని వెళ్లి కొలిచారు. నిజమేనని తేలింది. కోల్డ్ వార్ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

దేవరకొండ:
ఇద్దరికీ ధన్యవాదాలు. లేజర్‌ను పల్సులుగా, అంటే క్షణంలో ఆరిపోయే మెరుపులుగా కొట్టి కొలుస్తారట కదా. మరి అంత వేగంగా ఎందుకు కొలవాలి?

మిర్యాలగూడ:
ప్లాస్మా తనంతట తానే వెలుగుతుంది సార్. మన పల్స్ పది నానోసెకన్లే ఉంటుంది. డిటెక్టర్ ఆ కాసేపే చూస్తే ప్లాస్మా సొంత వెలుగు పెద్దగా అడ్డు రాదు. ఇంకోటి, అంచున ప్లాస్మా ఉన్నట్టుండి ఎగదన్ని గోడ మీద పడుతుంది. అదంతా మిల్లీసెకను లోపే అయిపోతుంది. సెకనుకు వంద పల్సులు కొట్టినా మధ్యలో పది మిల్లీసెకన్ల ఖాళీ. జరగాల్సిందంతా ఆ ఖాళీలో జరిగిపోతుంది. అందుకే ఇప్పుడు కొద్దిసేపైనా సెకనుకు వేల పల్సుల వేగంతో వరసగా కొట్టే లేజర్లు వాడుతున్నారు.

దేవరకొండ:
సోమవారం ల్యాబ్ కిటికీలు మూసి, అగరుబత్తి పొగలో లేజర్ పాయింటర్ వేసి చూపిస్తాను.

మిర్యాలగూడ:
చూపించండి సార్. పిల్లల కళ్లలో మాత్రం పడనివ్వకండి. పొగ మెల్లగా కదులుతుంది కాబట్టి రంగు మారినట్టు కనిపించదు. ఎందుకు మారలేదో ఆ అమ్మాయినే అడగండి.