బిల్జ్ పంపు సైఫన్: ఎన్‌ఆర్‌వీ సరిపోతుందా, లూప్ తప్పదా?

ఫైబర్‌బోటు:
చేపల లోడు పడితే బోటు దిగి, బిల్జ్ (బోటు అడుగున నీరు చేరే చోటు) నీటిని బయటికి వదిలే ఔట్‌లెట్ మునుగుతుంది. పంపు ఆగాక సైఫన్ పట్టి (నిండిన పైపులో ధార తెగక దానంతటదే లాక్కుని) సముద్రపు నీరు అదే పైపులోంచి వెనక్కి వస్తుంది. పంపు దగ్గర ఎన్‌ఆర్‌వీ (నీటిని ఒకే వైపు పోనిచ్చే వాల్వ్) బిగిస్తే చాలదా?

హార్బర్ మెకానిక్:
చాలదండీ. హోస్‌ని నీటిమట్టం కన్నా పైకి ఎత్తి దించే లూప్, దాని పైన గాలి లోపలికి వచ్చే వెంట్ ఉండాలి. బిల్జ్‌లో వల దారాలు, పొలుసులు ఎప్పుడూ ఉంటాయి. వాల్వ్‌లో మూతలా పడే ఫ్లాప్ కింద ఒక్క పోగు ఇరుక్కుంటే వాల్వ్ మూసుకోదు. బిల్జ్ వాటర్‌లైన్‌కి (బయటి నీటిమట్టానికి) 30 సెం.మీ. కింద ఉంటే, 28 మి.మీ. పైపు దారిలో అడ్డేమీ లేకపోతే నిమిషానికి 90 లీటర్లు వస్తాయి. హోస్ రాపిడికి సగం పోయినా గంటకు 2,700 లీటర్లు! ఔట్‌లెట్ ఎంత లోతు మునిగిందన్నది లెక్కే కాదు, మునిగితే చాలు.

ఇంకో చిక్కు: పంపు గాలి పట్టినప్పుడు ఫ్లాప్ మీద నిలిచిన నీటి బరువును తోయలేదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, చుక్క బయటికి పోదు. అమెరికాలో బోట్ల ప్రమాణాలు రాసే ఏబీవైసీ కూడా సైఫన్ ఆపడానికి ఎన్‌ఆర్‌వీని ఒప్పుకోదు.

రేవుగట్టు:
చిన్న బోటులో లూప్‌కి ఎత్తు ఎక్కడ దొరుకుతుందన్నా? పంపు డబ్బా మీద రాసే లీటర్లు సున్నా ఎత్తుకి. లూప్ పైదాకా ఎత్తాలంటే పంపింగ్ బాగా పడిపోతుంది. పైగా వెంట్‌లో ఉప్పు గడ్డకడితే లూప్ ఉన్నా లేనట్టే.

హార్బర్ మెకానిక్:
ఉప్పు మాట నిజమే. వెంట్ లేకపోతే ఎంత ఎత్తు లూప్ అయినా సైఫన్‌ని ఆపదు, పైన గాలి లోపలికి వస్తేనే ధార తెగుతుంది. అందుకే వెంట్‌ని చేతికి అందేచోట పెట్టి, విప్పి గోరువెచ్చని మంచినీళ్లలో కడగాలి. ఎత్తు తగ్గించకండి: పూర్తి లోడుతో, బోటు ఒరిగినా లూప్ పైభాగం నీటిపైన ఉండాలి. బోటు మధ్యగీతకు దగ్గరగా పెడితే ఒరిగినప్పుడు తక్కువ దిగుతుంది. ఎత్తు వల్ల పంపింగ్ తగ్గే నష్టానికి ఒక సైజు పెద్ద పంపు, లోపల నున్నగా ఉండే హోస్ వాడండి. ముడతల హోస్ వద్దు.

తెరచాప:
ముందు ఔట్‌లెట్‌నే పైకి మార్చమనండి. లోడుతో ఒరిగినా మునగని చోటు దొరికితే సైఫన్ సమస్యే రాదు.

ఎన్‌ఆర్‌వీకి ఒక్కచోటే న్యాయం ఉంది. 28 మి.మీ. హోస్ 3 మీటర్లుంటే పంపు ఆగగానే దాదాపు 1.8 లీటర్లు వెనక్కి జారతాయి. ఇరుకు బిల్జ్‌లో ఆ నీటికే ఫ్లోట్ స్విచ్ (నీరు పెరిగితే పంపును తనే నడిపేది) లేచి పంపు ఆగి ఆగి తిరుగుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. దానికి మొదట హోస్ పొట్టి చేయండి, లేదా స్విచ్‌ని కాస్త పైకి బిగించండి. అప్పటికీ ఆగకపోతే అలా స్విచ్‌తో తనే తిరిగే చిన్న పంపుకి మాత్రం ఎన్‌ఆర్‌వీ పెట్టవచ్చు. పెద్ద అత్యవసర పంపు లైనులో ఏ వాల్వూ వద్దు.