రాత్రి భోజనం దగ్గర రోజూ పేచీనే, నాలుగేళ్ల పాప మేం వండింది ముట్టుకోవడం లేదు

చంటిపిల్లల తల్లి:

అందరికీ నమస్తే. మాకు ఇద్దరు పిల్లలు. పాపకి నాలుగేళ్లు, బాబుకి రెండు దాటాయి. పగలంతా ఎలాగో గడిచిపోతుంది కానీ రాత్రి భోజనానికి కూర్చునే టైమ్ అయ్యేసరికి నాకు టెన్షన్ మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి తినేది ఆ ఒక్క పూటే, అది కాస్త ప్రశాంతంగా జరగాలని నాకు ఎంతో ఆశ.

పాప కంచంలోకి చూడగానే "ఇది నాకొద్దు" అనేస్తుంది, రుచి కూడా చూడదు. కూరలో ఆకుపచ్చగా చిన్న తునక కనిపించినా వేలితో ఏరి కంచం అంచున వరసగా పెడుతుంది, తర్వాత ఆ వేలు తుడిచేదాకా ఊరుకోదు. బలవంతాన ఒక ముద్ద పెడితే మింగదు, బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుంటుంది. ఒక్కోసారి పక్క మీదకి చేరేదాకా ఆ ముద్ద అక్కడే ఉంటుంది. మావారేమో "ఆకలేస్తే అదే తింటుంది, వదిలెయ్" అంటారు. అత్తయ్యగారు పిల్ల ఖాళీ కడుపుతో పడుకుంటుందని బాధపడి ఫోన్‌లో బొమ్మలు పెట్టి తినిపిస్తారు. అప్పుడు నోరు తెరుస్తుంది కానీ ఏం తింటోందో చూసుకోదు. ఈ మధ్యలో నేను నలిగిపోతున్నాను, చివరికి పాప కోసం విడిగా వండుతున్నాను. ఇప్పుడు అక్కని చూసి తమ్ముడు కూడా కంచం తోసేస్తున్నాడు, నిన్నమొన్నటి దాకా ఏది పెట్టినా తిన్నవాడు. ఇద్దరి బరువూ బాగానే ఉందన్నారు డాక్టరుగారు. విడిగా వండడం మానేయాలా, తినకపోతే అలాగే పడుకోబెట్టాలా, ఇంకేదైనా దారి ఉందా? ఇది దాటి వచ్చినవాళ్లు దయచేసి కాస్త వివరంగా చెప్పండి.

పిల్లల డైటీషియన్:

ముందు బాబు సంగతి చెప్తాను, అది తేలిక కాబట్టి. మొదటి పుట్టినరోజు వచ్చేసరికి పిల్లల బరువు పుట్టినప్పటికంటే మూడింతలవుతుంది. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది సుమారు 2 నుంచి 2.5 కిలోలే, ఆ తర్వాత ఏడాదికి 2 కిలోలు అటూ ఇటూగా. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. గిన్నె ఖాళీ చేసే పిల్లాడు నాలుగు ముద్దలకే లేచిపోతున్నాడంటే, మిగతా అన్నీ బాగున్నప్పుడు, వాడి ఒంటికి అంతే కావాలని అర్థం. సరిగ్గా ఇదే వయసులో, రెండు నుంచి ఆరేళ్ల మధ్య, కొత్త తిండి అంటే జంకు కూడా ఎక్కువగా ఉంటుంది. దానిలో పుట్టుకతో వచ్చేది చాలా ఉందని కవల పిల్లల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. కొందరి నాలుక చేదుని ఎక్కువగా పసిగడుతుంది, చాలా ఆకుకూరల్లో కాస్త చేదు ఉంటుంది కదా. అందుకని మీ పెంపకం బాగాలేదని ఎవరైనా అంటే దయచేసి మనసుకి పట్టించుకోకండి.

ఇక పాప. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ 1980ల నుంచి చెప్తూ వచ్చిన పద్ధతి ఒకటుంది, నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకి నేను మొట్టమొదట చెప్పేది అదే. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దవాళ్లు చూసుకోవాలి. పెట్టినదాంట్లో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లలకి వదిలేయాలి. మీ ఇంట్లో ఇప్పుడు ఏం వండాలో పాప చెప్తోంది, ఎన్ని ముద్దలు తినాలో మీరు చెప్తున్నారు. పేచీ అంతా అక్కడే ఉంది.

తక్కువ తింటే ఎలా అని భయం వేస్తుంది, నాకు తెలుసు. పిల్లల తిండి అలవాట్ల మీద పనిచేసిన అమెరికన్ పరిశోధకురాలు లియాన్ బర్చ్ బృందం 1991లో ప్రచురించిన ఒక పరిశోధనలో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు 24 గంటల్లో తిన్నదంతా కొలిచారు, అలా కొన్ని రోజులు. పూటపూటకీ తిన్నది బాగా మారిపోయింది, రోజు మొత్తం లెక్క మాత్రం అంతగా మారలేదు. ఒక పూట తగ్గింది ఇంకో పూట వాళ్లే పూడ్చుకున్నారు. కాబట్టి రాత్రి కంచం ఒక్కటే చూసి బెంగపడకండి, వారం మొత్తంలో ఏం తిన్నదో చూడండి. 2006లో వచ్చిన ఇంకో పరిశోధనలో చిన్నపిల్లలకి సూప్ ఇచ్చి, "మొత్తం తాగెయ్" అని వెంటపడితే ఏమవుతుంది, ఏమీ అనకపోతే ఏమవుతుంది అని చూశారు. వెంటపడినప్పుడు తక్కువ తాగారు, పైగా దాని గురించి బాగాలేదని మాట్లాడటం ఎక్కువైంది. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనడం కూడా ఈ కోవలోదే. కూర కష్టమైన పని, చాక్లెట్ దానికి కూలి అని మనమే నేర్పినట్టవుతుంది.

మూడో బిడ్డతో నేర్చుకుంటున్న నాన్న:

డైటీషియన్ గారు చెప్పింది వినడానికి బాగుంటుంది కానీ ఇంట్లో ఎలా చేయాలో తెలియక చాలామంది ఆగిపోతారు, అందుకే మేం చేసేది రాస్తున్నా. విడిగా వండకండి. అలాగని పిల్ల ముట్టుకోనివి మాత్రమే ముందు పెట్టి కూర్చోబెట్టడం కూడా న్యాయం కాదు. తను మామూలుగా తినే వాటిలో ఏదో ఒకటి, పండో, ఉడికించిన గుడ్డో, ఏదైనా సరే, అందరి భోజనంలో భాగంగా మధ్యలో పెట్టండి, అందరూ అది తినండి. అప్పుడు అది "పాప తిండి" అవదు. గిన్నెలన్నీ మధ్యలో ఉంటే ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు, పిల్లలకి చిన్న గరిటె ఇవ్వండి. కింద పడుతుంది, పడనివ్వండి. మా చిన్నది తన గరిటెతో వేసుకున్న కూర తినకపోయినా దాన్ని తోసెయ్యదు, నేను వేస్తే మాత్రం వెంటనే తోసేస్తుంది.

ఎంత వడ్డిస్తున్నారో కూడా చూసుకోండి. వయసుకి ఏడాదికి ఒక టేబుల్‌స్పూన్ అని ఒక లెక్క చెప్తారు, అంటే నాలుగేళ్ల పిల్లకి ఒక్కో పదార్థం నాలుగు టేబుల్‌స్పూన్లతో మొదలుపెడితే చాలు, కావాలంటే మళ్లీ అడుగుతుంది. కొత్తదైతే బఠాణీ గింజంత. కంచం నిండా చూస్తేనే సగం మంది పిల్లలు భయపడిపోతారు. కొత్త కూర ఒకటి రెండు సార్లు వద్దంటే వీళ్లకి ఇది పడదని మనం వండడం మానేస్తాం, కానీ ఒక రుచి అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు కూడా పట్టొచ్చు. ఆ సార్లన్నీ తిని తీరాలని కూడా లేదు, ముట్టుకుని వాసన చూసి పక్కన పెట్టినా అది ముందడుగే.

అన్నిటికంటే ముఖ్యం, భోజనానికి ముందు రెండు మూడు గంటలు ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో చూడండి. మా ఇంట్లో చాలా పేచీలకి మూలం సాయంత్రం బిస్కెట్లు, పాలు. ఈ వయసుకి రోజుకి అర లీటరు పాలు సరిపోతాయి. పాలు మరీ ఎక్కువైతే ఆకలి చస్తుంది, ఐరన్ కూడా తగ్గే ప్రమాదం ఉంది. జ్యూస్ ఇస్తే రోజుకి 120 మిల్లీలీటర్లు మించకుండా. మధ్యలో దాహం వేస్తే మంచినీళ్లు చాలు.

ఇంకొకటి, వంటలో చెయ్యి పెట్టనివ్వండి. మా మధ్యవాడు బఠాణీ కాయలు ఒలుస్తాడు. కాయని రెండు బొటనవేళ్లతో నొక్కి, టప్‌మని విచ్చుకోగానే గింజలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒకటి నోట్లో వేసుకుని మిగతావి గిన్నెలో వేస్తాడు. ఉడికించిన బఠాణీ కంచంలో పెడితే ఇప్పటికీ తినడు, ఒలిచేటప్పుడు మాత్రం గుప్పెడు తింటాడు. ఎలా తిన్నా కడుపులోకే కదా అని నేను ఏమీ అనను.

నెమ్మదిగా తినే బాబు అమ్మ:

పై ఇద్దరూ చెప్పింది చాలామంది పిల్లలకి పనికొస్తుంది, అందరికీ కాదు. "ఆకలేస్తే అదే తింటుంది" అన్న మాట వింటే నాకు బాధగా ఉంటుంది. మావాడు తినేవాడు కాదు. మెత్తగా, జారుడుగా ఉండేది ఏదైనా పెదవికి తగలగానే వాంతి వచ్చినట్టు అయ్యేవాడు, తినే రకాలు నెలనెలకీ తగ్గిపోతూ వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా గారాబం అన్నారు. తిండి విషయంలో ప్రత్యేకంగా పనిచేసే థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాక గానీ అది గారాబం కాదని ఎవరూ ఒప్పుకోలేదు.

కాబట్టి ఇవి గమనించండి. తినే రకాలు మొత్తం కలిపి ఇరవైకి లోపే ఉండి ఇంకా తగ్గుతున్నాయా? మెత్తనివన్నీ, లేదా నమలాల్సినవన్నీ గుంపుగా వద్దంటుందా? తినేటప్పుడు దగ్గు, పొలమారడం, వాంతి లాంటివి తరచుగా ఉన్నాయా? డాక్టరు ఎదుగుదల చార్టులో గీసే బరువు గీత కిందికి జారుతోందా? వీటిలో ఏది ఉన్నా ఇంట్లో చిట్కాలతో ఆగకుండా డాక్టరుకి చూపించండి. తిండి అంటే భయం, ఇష్టం లేకపోవడం వల్ల పోషణే దెబ్బతినే స్థితికి డాక్టర్లు ఏఆర్‌ఎఫ్‌ఐడీ అనే పేరు వాడతారు, 2013లో మానసిక వైద్యుల డీఎస్‌ఎం-5 జాబితాలో కూడా అది చేరింది. అంత దూరం వెళ్లని చిన్న కారణాలు కూడా ఉంటాయి. మలబద్ధకం ఉంటే ఆకలి ఉండదు, ఐరన్ తక్కువైనా ఉండదు, పన్ను నొప్పి ఉన్నా టాన్సిల్స్ వాచినా పిల్లలు మింగడానికి ఇష్టపడరు, నోరు విప్పి చెప్పడం కూడా రాదు. మీ పాప ముద్ద బుగ్గన దాచుకుంటుందన్నారు కదా, ఈసారి డాక్టరుగారిని గొంతూ పళ్లూ ఒకసారి చూడమనండి.

చంటిపిల్లల తల్లి:

అందరికీ చాలా థాంక్స్, చదువుతుంటే మనసు తేలికపడింది. పాప తినేవన్నీ ఒక కాగితం మీద రాస్తే ఇరవై పైనే వచ్చాయి, నేను అయిదారు అనుకుంటూ ఉన్నాను. తింటూ దగ్గడం, వాంతులు లేవు, పళ్లూ గొంతూ మాత్రం చూపిస్తాను. ఇంకో రెండు అడగాలి. భోజనం దగ్గర వద్దని లేచిపోయి పడుకునే ముందు "ఆకలి" అని ఏడిస్తే ఏం చేయాలి? అత్తయ్యగారికి ఎలా చెప్పాలి? ఆవిడ మనసు నొప్పించడం నాకు ఇష్టం లేదు, పిల్లలంటే ఆవిడకి ప్రాణం.

నలుగురు మనవల నానమ్మ:

అమ్మా, నేను మీ అత్తగారి వయసుదాన్ని, ఆ రెండోదానికి నేను చెప్తాను. పిల్ల తినకుండా నిద్రపోతే మాకు రాత్రంతా నిద్ర పట్టదు. మా చేత్తో తినిపించడమే మాకు తెలిసిన ప్రేమ. "మీరు తినిపించకండి" అంటే ఆ ఇంట్లో ఇక మాకేం పని అనిపిస్తుంది. అందుకని ఆవిడకి పని తీసెయ్యకు, మార్చు. పిల్ల పక్కన కూర్చుని ఆవిడ కూడా అప్పుడే భోంచేయాలి, పిల్లకి ఏం వద్దనిపించిందో అదే ఆవిడ ఇష్టంగా తినాలి, ఎలా ఉందో చూడు, నువ్వూ తిను అని మాత్రం అడగకూడదు. కథలు చెప్పమను, కానీ "ముద్ద తింటేనే తర్వాతి కథ" అని మెలిక పెట్టకుండా. ఫోన్ మాత్రం అందరిదీ ఒకేసారి పక్కకి పోవాలి, మీ ఆయనది కూడా. పిల్ల చేతిలోది లాక్కుని పెద్దవాళ్లు చూస్తూ కూర్చుంటే ఏ పిల్లా ఊరుకోదు. మొదట్లో ఏడుస్తుంది, ఆ ఏడుపుకి ఆవిడ కరిగిపోతుంది, ముందే చెప్పి ఉంచు. చెప్పేటప్పుడు పిల్లల ముందు వద్దు, మీ ఆయన చేత చెప్పించు, తన కొడుకు చెప్తే ఆవిడకి కోపం రాదు. డాక్టరుగారి దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్లు, బరువు బాగుందని ఆవిడ చెవులతో ఆవిడ వినాలి.

పిల్లల డైటీషియన్:

నానమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం, ఇంట్లో పెద్దవాళ్లంతా ఒక మాట మీద ఉండకపోతే ఏ పద్ధతీ నిలబడదు.

పడుకునే ముందు ఆకలి గురించి. భోజనం తిన్నా తినకపోయినా, పడుకోవడానికి అరగంట ముందు ఇద్దరికీ ఒక చిన్నది రోజూ ఇవ్వండి. మామూలుది, మరీ ఇష్టమైనది వద్దు, కాసిని పాలో కాస్త పండో చాలు, ఆ పాలు కూడా రోజు లెక్కలోకే వస్తాయి. అది బతిమాలి తెచ్చుకునేది కాదు, రోజూ ఉండేదే అని తెలిస్తే పాప భోజనం ఎగ్గొట్టి దానికోసం ఎదురుచూడడం తగ్గుతుంది. మీకూ "పిల్ల ఖాళీ కడుపుతో పడుకుంది" అన్న దిగులు ఉండదు. ఆ తర్వాత మంచినీళ్లే. భోజనం దగ్గర కూడా ఇరవై నిమిషాలో అరగంటో చూసి, తినకపోతే ఒక్క మాట అనకుండా కంచం తీసేయండి. కాళ్లు గాల్లో వేలాడితే పిల్లలు కుదురుగా కూర్చోలేరు, కాళ్ల కింద ఒక పీటో పెట్టెనో పెట్టండి.

ఆ బుగ్గన ముద్ద సంగతి మాత్రం ఇవాళ్టి నుంచే చూడాలి. నోట్లో తిండి ఉండగా పడుకోబెట్టకూడదు, పొలమారి గొంతుకి అడ్డం పడొచ్చు. ముద్ద ఉమ్మేయడానికి ఒక చిన్న గిన్నె దగ్గర పెట్టండి, ఉమ్మినా తిట్టరని తెలిస్తే దాచుకోవడం తగ్గవచ్చు. లేచేముందు నీళ్లు పుక్కిలించమనండి, ఒకసారి నోరు తెరిపించి చూడండి. బాబుకి ద్రాక్షపళ్లు నిలువునా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి, గట్టి గింజలు, పచ్చి క్యారెట్ ముక్కలు నాలుగేళ్లు వచ్చేదాకా వద్దు. పరిగెడుతుంటే వెంటపడి తినిపించడం ఇద్దరికీ మానేయండి.